సివిక్‌తో పాటు వచ్చిన నోటుపుస్తకం

నా ఇల్లు విజయవాడ పటమటలో, ఉద్యోగం గుంటూరులో. ఉదయం ఎనిమిది గంటలకు బయలుదేరి బెంజి సర్కిల్ దాటి, వారధి మీదుగా కృష్ణ అవతలికి చేరి, తాడేపల్లి, మంగళగిరి, కాజ టోల్‌గేటు, పెదకాకాని మీదుగా ఆఫీసుకు చేరేసరికి మీటరు మీద సుమారు 35 కిలోమీటర్లు పెరుగుతాయి. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మళ్లీ అంతే. ఏడాదికి 280 రోజులు ఇలా తిరిగితే దాదాపు 20,000 కిలోమీటర్లు అవుతుంది. ఇంత తిరిగే మనిషికి రోజులో రెండు గంటలు కారులోనే గడుస్తాయి కనుక, ఆ రెండు గంటలు ఎలా గడుస్తాయన్నది నాకు చిన్న విషయం కాదు. 2025 సంక్రాంతి వెళ్లిన తరువాత నేను 2011 నాటి హోండా సివిక్ 1.8 మాన్యువల్ కొన్నాను. ఏడాదికి పైగా రోజూ నడిపాక, దాన్ని ఎలా వెతికాను, ఏం చూసి కొన్నాను, ఎంత ఖర్చయింది అన్నది రాయాలనిపించింది. ఇలాంటి కారు మీద మనసు పడినవారు ముందు చూడవలసినవాటిని చివర, చివర చూడవలసినవాటిని ముందు చూస్తారు. మొదట్లో నేనూ అలాగే చూశాను.

కొత్త బండి కొనమని ఇంట్లో అందరూ చెప్పారు. "పది లక్షలు పెడితే ఎత్తుగా, కొత్తగా ఉండే బండి వస్తుంది కదా, పదమూడేళ్ల దాని మీద మనసెందుకు పెట్టుకున్నావు?" అని మా బావ అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. రెండు లక్షలు చేతి నుంచి కట్టి మిగిలిన ఎనిమిది లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పుగా తీసుకుంటే నెలకు 16,600 రూపాయలు కట్టాలి, ఐదేళ్లలో వడ్డీయే దాదాపు 1,96,000 అవుతుంది. అంతకన్నా బలమైన కారణం మరొకటి ఉంది. ఎత్తైన కారులో బరువు నేలకు దూరంగా ఉంటుంది. మలుపులో అది పక్కకు ఒరుగుతుంది, హఠాత్తుగా బ్రేకు వేస్తే ముక్కు వంచుతుంది. తక్కువ ఎత్తున్న సెడాన్‌లో అదే మలుపు, అదే బ్రేకు నిలకడగా ఉంటాయి. చెయ్యి ఎంత తిప్పితే అంతే తిరిగి, కాలు ఎంత నొక్కితే అంతే స్పందించి, నలుగురిని కూర్చోబెట్టుకుని సామాను కూడా మోసే కారునే నేను స్పోర్ట్స్ సెడాన్ అనుకుంటాను. అలాంటిది ఈ రోజు కొత్తగా కొనాలంటే నా స్తోమతకు అందదు. పాతది అందుతుంది.

మొదట స్కోడా ఆక్టేవియా చూశాను. 2013 అక్టోబరులో మన దేశానికి వచ్చిన మూడో తరం ఆక్టేవియాలో 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్ 180 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తిని, 250 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే చక్రాలను తిప్పే బలాన్ని, ఇస్తుంది. హైవే మీద దాని పికప్‌కు సాటి వచ్చే కార్లు ఆ ధరలో లేవనే చెప్పాలి. అయితే ఆ ఇంజిన్‌కు జత చేసింది ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే గేర్లు తనంతట తానే మార్చుకునే గేరుబాక్సు. అందులో రెండు క్లచ్‌లు ఉంటాయి, ఒకటి బేసి గేర్లకు, మరొకటి సరి గేర్లకు. అవి నూనెలో మునిగి ఉండే రకం కాదు, పొడి క్లచ్‌లు. సాయంత్రం ఆరు గంటలకు బెంజి సర్కిల్ దగ్గర అడుగడుగునా ఆగుతూ జరుగుతున్నప్పుడు, మనం మాన్యువల్ బండిలో అర క్లచ్ మీద పాదం పెట్టి ఉంచినట్టే ఆ క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి రాసుకుంటూ వేడెక్కుతాయి. పైన మే నెల ఎండ, కింద తారు సెగ. క్లచ్‌లను, గేర్లను ఆడించే మెకట్రానిక్ యూనిట్ పాడైతే బాగుచేయించడానికి అయ్యే ఖర్చు, పాత ఆక్టేవియా ధరలో చెప్పుకోదగ్గ వంతు అవుతుంది. సర్వీసు చరిత్ర పూర్తిగా దొరికి, వారానికి రెండు మూడు రోజులు మాత్రమే తిరిగేవారు దాన్ని నిశ్చింతగా కొనుక్కోవచ్చు. నా దారికి, నా తిరుగుడుకు అది నప్పదని తేల్చుకోవడానికి నాకు నెల రోజులు పట్టింది.

1.4 లీటర్ల టర్బో ఉన్న ఫియట్ లీనియా టీ-జెట్ కూడా చూశాను. స్టీరింగులో అంత ప్రాణం ఉన్న కారును నేను ఇంతవరకు నడపలేదు. కాని ఫియట్ కార్ల తయారీ మన దేశంలో ఆగిపోయింది. రోజూ తిరిగే బండికి ఒక సెన్సరు కోసం మూడు వారాలు ఎదురుచూడడం కుదరదు.

సివిక్ ఈ రెండింటి కన్నా పాతది. ఎనిమిదో తరం సివిక్ 2006 జులైలో మన మార్కెట్లోకి వచ్చింది. 1.8 లీటర్ల ఇంజిన్, 132 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు, మాన్యువల్‌లో ఐదు గేర్లు. టర్బో లేదు. ఇంజిన్ వేగాన్ని చూపే పెద్ద గుండ్రటి మీటరు స్టీరింగు వెనుక, బండి వేగాన్ని చూపే అంకెలు దానికి పైన, అద్దానికి దగ్గరగా ఉంటాయి. రోడ్డు మీద నుంచి చూపు దాదాపు తిప్పకుండానే వేగం తెలుస్తుంది. వెనుక చక్రాలు రెండూ విడివిడిగా కదిలే సస్పెన్షన్ ఉన్నందున ఒక చక్రం గుంటలో పడినా రెండోది నేలను వదలదు. ఇదే సెడాన్ ఆకృతిలో జపాన్‌లో 2007 నుంచి సివిక్ టైప్ ఆర్ అమ్మారు, 2.0 లీటర్లు, 225 పీఎస్. మనకు ఆ ఇంజిన్ రాలేదు గాని, దాన్ని మోయగల శరీరం వచ్చింది. ఆ పటుత్వం చక్రం పట్టుకున్న పది నిమిషాల్లో తెలుస్తుంది.

ఈ ఇంజిన్ గురించి ఒక మాట విడిగా చెప్పాలి. వీటెక్ (వాల్వులు తెరుచుకుని మూసుకునే తీరును మార్చే హోండా ఏర్పాటు) అనగానే ఇంజిన్ వేగం ముల్లు పైకి ఎక్కినప్పుడు ఒక్కసారిగా పుంజుకునే శక్తి అని చాలామంది అనుకుంటారు. హోండా వారి వేరే ఇంజిన్లలో అది నిజం. ఈ 1.8లో ఐ-వీటెక్ పని దాదాపు దానికి విరుద్ధం: ఇంజిన్ మీద పెద్ద భారం లేకుండా ఒకే వేగంతో సాగుతున్నప్పుడు గాలిని లోపలికి తీసుకునే వాల్వు మూసుకోవడాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది, దానివల్ల థ్రాటిల్‌ను, అంటే గాలి వెళ్లే దారిలోని మూతను, ఎక్కువగా తెరిచి ఉంచవచ్చు, గాలిని లాక్కోవడానికి ఇంజిన్ వృథా చేసే శ్రమ తగ్గుతుంది. మంగళగిరి దాటాక గంటకు 80, 90 కిలోమీటర్ల మధ్య నిలకడగా పోయే నా దారికి ఇంతకన్నా తగిన ఏర్పాటు ఉండదు. గట్టిగా తొక్కితే మామూలు పద్ధతికి మారి నిమిషానికి నాలుగు వేల చుట్ల పైన గొంతు విప్పుతుంది.

కారు ఏదో తేలింది గాని, దొరకడం అంత తేలిక కాలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచెత్తింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చిన రోజులవి. మనుషులు పడిన కష్టం ముందు కార్ల మాట చిన్నదే. అయినా వేల వాహనాలు రోజుల తరబడి బురద నీటిలో నిలిచాయన్నది మన ఊళ్లో పాత కారు కొనే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి. ఆ తరువాతి నెలల్లో నేను చూసిన కార్లలో కొన్ని బయటికి మెరుస్తూ, లోపల మరో కథ దాచుకుని ఉన్నాయి.

డిసెంబరులో పాత కార్లు అమ్మిపెట్టే ఒక కన్సల్టెన్సీ వారు తెల్ల సివిక్ చూపించారు. సింగిల్ హ్యాండ్, అంటే ఒకే యజమాని వాడినది, 70,000 కిలోమీటర్లు, ధర 2,40,000. ధర వినగానే నా మనసు సగం ఒప్పేసుకుంది. సీట్లకు కొత్త కవర్లు, లోపల ఘాటైన సువాసన. నాతో వచ్చిన ఆటోనగర్ మెకానిక్ ఇంజిన్ జోలికే పోలేదు; డ్రైవరు సీటు బెల్టును చివరి దాకా లాగాడు. మామూలుగా బయటికి రాని ఆ చివరి జానెడు బెల్టు మీద మట్టి చార కనిపించింది. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, డిక్కీలో స్టెప్నీ చక్రం గుంత అడుగున ఎండి పగిలిన ఒండ్రు, ఫ్యూజుల పెట్టెలో రాగి తీగల చివర ఆకుపచ్చని పొర. "నీళ్లు సీటు ఎత్తు దాకా వచ్చాయి సార్, ఇంజిన్ బతికింది గాని వైరింగు బతకదు, ఇవాళ బాగానే ఉంటుంది, ఆరు నెలలకు ఒక్కో స్విచ్చూ పోతుంది" అన్నాడు. అడిగితే కన్సల్టెన్సీ వారు తమకు తెలియదన్నారు. వారికి తెలుసో తెలియదో నేను చెప్పలేను గాని, ఆ బండి కొనే మరొకరికి తెలియకపోవచ్చన్న బాధ చాలా రోజులు నన్ను వదల్లేదు. ఫ్లోర్ మ్యాట్ల కింద కార్పెట్టును ఎత్తి చెయ్యి పెట్టి చూడనివ్వని అమ్మకందారు దగ్గర కారు కొనవద్దని అందరికీ చెబుతున్నాను.

చివరికి కారు గుంటూరులోనే దొరికింది. బ్రాడీపేటలో ఉండే ఒక విశ్రాంత అధ్యాపకులు అమ్ముతున్నారని మా ఆఫీసులో ఒకరు చెబితే సాయంత్రం వెళ్లాను. ముదురు బూడిద రంగు కారు, ఏపీ 07 నంబరు, 96,400 కిలోమీటర్లు. నేను బానెట్ ఎత్తమని అడగబోయేలోపు మాస్టారు లోపలికి వెళ్లి రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి, బిల్లుల ఫైలు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. 2011 జూన్‌లో కారు ఇంటికి వచ్చిన రోజు నుంచి ప్రతి ఆయిలు మార్పు, ప్రతి టైరు, ప్రతి బల్బు, తేదీతో, మీటరు అంకెతో, అయిన ఖర్చుతో నీలి సిరాతో రాసి ఉన్నాయి. బ్యాటరీ ఎప్పుడు పెట్టించారో, ఏ తేదీన ఏ పంక్చరు పడిందో కూడా ఉంది. 2017లో వెనుక బంపరుకు దెబ్బ తగిలిందని, ఎక్కడ రంగు వేయించారో, డిక్కీ మూత మీద ఆ రంగు కొద్దిగా తేడాగా ఎందుకు ఉందో ఆయనే వేలు పెట్టి చూపించారు. "ఎడమ మోకాలు క్లచ్ తొక్కనివ్వడం లేదు బాబూ, లేకపోతే అమ్మేవాణ్ణి కాదు" అన్నారు.

ఆ పుస్తకం చదువుతూ నేను గంటసేపు అక్కడే కూర్చున్నాను. అంతవరకు నేను పోల్చి చూసినవన్నీ అంకెలే: పీఎస్‌లు, టార్కు, ఏ కారు సున్నా నుంచి వందకు ఎన్ని క్షణాల్లో చేరుతుంది. అవి కారు కొత్తగా ఉన్నప్పటి అంకెలు. పద్నాలుగో ఏట అడుగుపెడుతున్న కారులో మిగిలి ఉండేది, దాన్ని ఉంచుకున్న మనిషి చూపిన శ్రద్ధ మాత్రమే. నిర్లక్ష్యంగా వాడిన 180 పీఎస్‌ల కారు కన్నా, ప్రతి ఐదు వేల కిలోమీటర్లకు ఆయిలు మార్పించుకున్న 132 పీఎస్‌ల కారు ఈ రోజు నిజంగా బలమైనది. మీటరు తిప్పడం ఎంత తేలికో మార్కెట్లో అందరికీ తెలుసు. పద్నాలుగేళ్ల బిల్లుల మీది అంకెలను వరుస తప్పకుండా కల్పించడం మాత్రం ఎవరి వల్లా కాదు.

అయినా పరీక్ష చేయించకుండా కొనలేదు. ఉదయం ఏడు గంటలకు, అంటే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, మాస్టారి అనుమతితో మెకానిక్‌ను గుంటూరుకే తీసుకువెళ్లాను. ముందుగా వేడి చేసి పెట్టిన ఇంజిన్ తన జబ్బులను దాచుకుంటుంది కనుక, అతను మొదట బానెట్ మీద చెయ్యి వేసి చూసి ఆ తరువాతే తాళం తిప్పాడు. టైమింగు చైన్ గలగలలాడలేదు. పొగ గొట్టంలో నీలం రంగు లేదు. తరువాత ఆటోనగర్‌కు తెచ్చి ర్యాంపు ఎక్కించాం. అరవై ఏళ్లుగా లారీలకు, బస్సులకు బాడీలు కడుతున్న ఆ వీధుల్లో అడిగితే దొరకని పనితనం ఉండదు. కాని నా కారు లాంటిదానికి, ఆ మోడల్‌ను ఇదివరకు విప్పి బిగించిన చెయ్యే కావాలి, అందుకే కారు దొరకక ముందే మెకానిక్‌ను వెతికి పెట్టుకున్నాను. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) మధ్య తేడా పది శాతం లోపే ఉంది. స్కానర్ పెట్టి చూస్తే లోపాల కోడ్‌లు లేవు, ముందురోజు చెరిపిన జాడా లేదు. టైర్ల మీద నాలుగు అంకెలు 2318 అని ఉన్నాయి: 2018లో 23వ వారం తయారీ. నున్నగా అరగకపోయినా రబ్బరు గట్టిపడి పగుళ్లు ఇచ్చింది. ముందు చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు చిరిగాయి, ఇంజిన్ అదురును పీల్చుకునే మౌంట్లలో కుడివైపుది కారుతోంది. ఇవన్నీ వయసు తెచ్చేవే. రబ్బరు, కిలోమీటర్లతో పాటు సంవత్సరాలను కూడా లెక్కపెడుతుంది.

మాస్టారు 3,10,000 అడిగారు, నేను ఆ పనుల జాబితా చూపించాను, 2,90,000కు ఒప్పుకున్నారు. అంతకన్నా గట్టిగా బేరం చెయ్యాలనిపించలేదు. కొనుగోలు ధర కాక 1,25,000 రూపాయలు వేరుగా పక్కన పెట్టుకున్నాను. ఉన్నదంతా ధరకే పోసి, మొదటి మరమ్మతు దగ్గర చేతులు ఖాళీ అయితే పనిని వాయిదా వేస్తాం, ఒక వాయిదా ఇంకో భాగాన్ని అరగదీస్తుంది, ఏడాదికి కారు మీద ప్రేమ పోతుంది. నాలుగు లక్షలు ఉన్నవారు మూడు లక్షల లోపు కారునే వెతకాలి.

కాగితాల పని గురించి చెబితే, అప్పు లేని కారు, ఒకే రాష్ట్రం కనుక పేరు బదిలీకి ఫారం 29, ఫారం 30తో సరిపోయింది. అప్పు ఉన్న కారైతే ఆ అప్పు తీరిందని చూపే ఫారం 35, తెలంగాణ బండి అయితే అక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను తప్పవు, ఆ పన్ను కలుపుకుంటే హైదరాబాదులో చవకగా కనిపించిన కారు ఇక్కడికి వచ్చేసరికి చవక కాకుండా పోతుంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో బదిలీ సంగతి రవాణా అధికారులకు తెలియజేయాలి. డబ్బు చేతులు మారాక కాగితాలను నెలల తరబడి బ్రోకరు దగ్గర వదిలేసేవారు ఒక విషయం గమనించాలి: ప్రమాదం జరిగితే ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే వారినే యజమానిగా చూడాలని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి ఈ తొందర కొన్నవారికన్నా అమ్మినవారికే ఎక్కువ ఉండాలి. నేను, మాస్టారు కలిసి వెళ్లి ఆ వారంలోనే పూర్తిచేశాం.

బీమాలో నేను ముందుగా లెక్క వేసుకోనిది ఒకటి ఉంది. ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. నేను కారు కొన్నప్పుడు 1000 నుంచి 1500 సీసీ మధ్య కార్లకు 3,416 రూపాయలైతే, 1500 దాటిన కార్లకు 7,897, దాని మీద పన్ను. 1799 సీసీ కారు కొన్నవారు ప్రతి ఏడాదీ ఈ తేడా భరించాలి. మాస్టారు పద్నాలుగేళ్లు సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనదే, కారుతో పాటు నాకు రాదు. పదేళ్లు దాటిన కారుకు సొంత నష్టం క్లెయిమ్ చేస్తే చాలా భాగాల విలువలో సగం తరుగుదల కింద కోస్తారని తెలిసినా, మన వరదలు చూశాక సమగ్ర పాలసీయే తీసుకున్నాను.

మొదటి నెలలో చేయించిన పనులు ఇవి: నాలుగు టైర్లకు 28,000, ముందు లోయర్ ఆర్మ్‌లు, లింకు రాడ్లు, షాకబ్జార్బర్లు, వీల్ అలైన్‌మెంటు కలిపి 46,000, ఇంజిన్ మౌంట్లకు 14,000, ఏసీ కండెన్సర్, గ్యాస్ 18,000, అన్ని ఆయిళ్లు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, ఇరిడియం ప్లగ్గులు, బెల్టు, ట్యాపెట్ సెట్టింగు 17,500. మొత్తం 1,23,500. చివర చెప్పిన ట్యాపెట్ సెట్టింగును చాలామంది వదిలేస్తారు. ఈ ఇంజిన్‌లో వాల్వుల సందు తనంతట తాను సర్దుకోదు. దాదాపు ఐదో వంతు మిల్లీమీటరు ఉండే ఆ సందును చల్లని ఇంజిన్ మీద చేత్తో సరిచేయాలి. పట్టించుకోకపోతే శబ్దం రాకుండానే వాల్వు బిగుసుకుని కాలిపోయే అవకాశం ఉంది. కూలెంట్ సంగతి కూడా అంతే: మన ఎండల్లో రేడియేటరులో కుళాయి నీళ్లు పోసే అలవాటు ఇంకా ఉంది, ఆ నీటిలోని సున్నం లోపలి సన్నని దారులను మెల్లగా మూసేస్తుంది. మౌంట్లు మారిన రోజు ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు వణకలేదు. ఇంజిన్ నడుస్తోందా లేదా అని ముల్లు చూడవలసి వచ్చింది.

ఇక నడపడం. ఉదయం వారధి ఎక్కేటప్పుడు నది మీది గాలి పక్క నుంచి కొడుతుంది; పాత హ్యాచ్‌బ్యాక్‌లో ప్రతిసారీ చెయ్యి బిగించవలసి వచ్చేది, ఇందులో రెండు వేళ్లతో దారి నిలుస్తుంది. తాడేపల్లి దాటాక లారీని దాటాలంటే నాలుగో గేరుకు దించి తొక్కితే, టర్బో కారులోలా వెనక్కి తోసినట్టు ఉండదు. వేగం అడిగినంత, అడిగిన క్షణాన, ఒకే ధారగా వస్తుంది. నేను దీన్ని వంద దాటించను, దాటించవలసిన అవసరమూ రాలేదు. నాకు ఆనందం ఇచ్చేది వేగం కాదు, గేరు లివరు చిన్న కదలికతో కచ్చితంగా తన గాడిలో పడటం, వంపులో కారు ఒరగకుండా నాతోనే ఉండటం. సాయంత్రం అలసిపోయి బయలుదేరినా ఇంటికి వచ్చేసరికి మనసు తేలికపడుతోంది. మా బావ కూడా ఒక ఆదివారం మంగళగిరి దాకా నడిపి, తిరిగి వచ్చేటప్పుడు తాళం నాకు ఇవ్వలేదు.

ఇబ్బందులు ఉన్నాయి, దాచను. మొదటిది స్పీడు బ్రేకర్లు. నియమం ప్రకారం వాటి ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మన కాలనీల్లో ఉన్నవి సన్నగా, గోడల్లా ఉంటాయి. నలుగురు ఎక్కితే నేరుగా పోకూడదు, ఒక్కో చక్రం ఎక్కేలా ఏటవాలుగా, నడక వేగంతో దాటించాలి. మా వీధిలో రెండు ఉన్నాయి, ఇప్పటికీ ఒక్కోసారి అడుగు గీసుకుంటుంది. కొత్త షాకబ్జార్బర్లు పడ్డాక తగ్గింది గాని పోలేదు. వానాకాలంలో నీళ్లు నిలిచే చోట నేను ఈ కారును దింపను, బస్సెక్కుతాను.

రెండోది పెట్రోలు. ఊళ్లోనూ హైవే మీదా కలిపి లీటరుకు 13 కిలోమీటర్లు ఇస్తోంది. 20,000 కిలోమీటర్లకు సుమారు 1,540 లీటర్లు, లీటరు 110 రూపాయల లెక్కన 1,69,000. పద్దెనిమిది ఇచ్చే కొత్త బండి అయితే ఏడాదికి 47,000 దాకా మిగిలేది. అప్పు వాయిదాలతో పోలిస్తే ఈ భారం నాకు సమ్మతమే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. పాత కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ ఈ విధానాన్ని రూపొందించినప్పుడే అంచనా వేసింది. నాకు ఆందోళన మైలేజీ కన్నా రబ్బరు పైపుల మీద. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, దాన్ని దృష్టిలో పెట్టుకోని కాలపు రబ్బరును మెత్తబరుస్తుంది. అందుకే ఇంధనం పైపులను ప్రతి సర్వీసులో విప్పి చూపించుకుంటున్నాను, ట్యాంకు సగం ఖాళీగా వారాల తరబడి ఉంచడం లేదు. రోజూ తిరిగే కారుకు ఇందులో ఒక లాభం ఉంది, పెట్రోలు నిలవ ఉండదు.

టోల్ విషయంలో మాత్రం 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన వార్షిక ఫాస్టాగ్ పాస్ మేలు చేసింది. ఒక పాస్‌కు 200 ప్రయాణాలు. నేను కాజ దగ్గర ఏడాదిలో 560 సార్లు దాటుతాను కనుక మూడు పాస్‌లు పడతాయి.

ఈ జూన్‌తో కారుకు పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. ఫారం 25తో దరఖాస్తు చేసి, 5,000 రూపాయల రుసుము, హరిత పన్ను కట్టి, తనిఖీలో నెగ్గితే మరో ఐదేళ్లకు పొడిగిస్తారు. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. తనిఖీకి ముందు చేయించవలసినవి రాసుకున్నాను: మసకబారిన హెడ్‌లైట్ల అద్దాలకు పాలిష్, కుడి వెనుక తలుపు రబ్బరు, హ్యాండ్ బ్రేకు బిగింపు. ఇవన్నీ మాస్టారి నోటుపుస్తకంలోనే, ఆయన నీలి సిరా ఆగిన పేజీ తరువాత నుంచి, అదే పద్ధతిలో తేదీ, మీటరు అంకె, ఖర్చు వేసి రాస్తున్నాను. మొన్న ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటున్నానని చెబితే ఆయన సంతోషించి, కాసేపు ఊరుకుని, "2022 ఫిబ్రవరిలో పెట్టించిన బ్యాటరీ కదా బాబూ అది, నాలుగేళ్లు దాటింది, మార్చావా?" అని అడిగారు. ఫోన్ పెట్టేసి పుస్తకం తీసి చూశాను. ఫిబ్రవరి 19 అని ఉంది. శనివారం ఆటోనగర్‌కు వెళ్తున్నాను.